జరీ త్రాసులో తూచిన మాత్ర

గుంత మగ్గంలో కూర్చున్న మనిషి మధ్యలో లేవడం చిన్న పని కాదు. కాళ్ళు గుంతలో తొక్కుడు కర్రల మీద ఉంటాయి. నేసిన బట్ట చుట్టుకునే కర్ర పొట్టకు ఆనుకొని ఉంటుంది. అడ్డపోగు నడిపే నాడెను నిలువుపోగుల పడుగు మీద ఉంచి, కర్ర కింది నుంచి మోకాళ్ళు ఒక్కొక్కటే పైకి లాక్కొని, రెండు చేతులూ నేలకు ఊని లేవాలి. ధర్మవరంలో నలభై నాలుగేళ్ళుగా నేస్తున్న అశ్వత్థనారాయణ పొద్దున ఏడింటికి కూర్చుంటే పదింటికి సంగటికి పిలిచేదాకా కదిలేవాడు కాదు. ఆ సంగతి వీధి వీధికంతా తెలుసు. అరవై రెండో ఏట ఆయన గంటకు మూడుసార్లు లేవడం మొదలుపెట్టాడు. ఈ సంగతి మాత్రం ఎవరికీ తెలియకూడదని ఆయన పట్టుదల.

దాచుకుందామంటే మగ్గం ఒప్పుకోదు. పెద్దంచు పట్టుచీరకు ఇద్దరు కూర్చోవాలి. ఆయన పక్కన కూర్చొని అంచు నాడె వేసేది కోడలు భాగ్యశ్రీ. ఆయన లేస్తే ఆమె చేయి కూడా ఆగిపోతుంది. మొదట్లో ఆయన పట్టుపోగు చుట్టిన కండెలు తెస్తానని లేచేవాడు. మరుసటి రోజు ఆమె కండెల బుట్ట తెచ్చి ఆయన మోకాలి పక్కన పెట్టింది. ఫోను మోగినట్లుందని లేచేవాడు. ఆమె ఫోను తెచ్చి కండెల బుట్టలో వేసింది. దాహమేస్తోందని లేచాడు. చెంబు కూడా వచ్చింది. సాకులన్నీ అయిపోయాక ఆయన ఏమీ చెప్పకుండా లేవసాగాడు, ఆమె ఏమీ అడగకుండా పడుగులో తెగిన పోగులు ముడివేస్తూ కూర్చునేది.

తర్వాత ఆయన నీళ్ళు మానేశాడు. ఏప్రిల్ నెల ధర్మవరంలో నీళ్ళు మానేయడమంటే ఏమిటో ఆ ఎండ తెలిసిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. పొద్దున ఒక గ్లాసు కాఫీ, మధ్యాహ్నం మజ్జిగలో సగం. అయినా లేవడం తగ్గలేదు. లేచి దొడ్లోకి పోతే పని అయ్యేదీ కాదు. పది నిమిషాలు నిలబడితే నాలుగు చుక్కలు. బయటివాళ్ళకు చప్పుడు వినిపించాలని కొళాయి తిప్పి నిలబడేవాడు.

ఒకరోజు భార్య లక్ష్మీదేవి ఆ తలుపు ముందే కాపు కాసింది.

"ఏమయ్యా, కొళాయి తిప్పి ఎవుర్ని మోసం చేస్తాండావు? ట్యాంకులో నీళ్ళన్నీ అయిపాయ, నీది మాత్రం కాలేదు."

"గమ్మునుండు. కోడలు వింటాది."

"నాకు చెప్పిందే కోడలు. నెల నుంచి లెక్క పెడ్తాందంట. నిన్న పందొమ్మిది సార్లు లేచినావంట."

ఆయనకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. సగం దిగే ఉన్నాడు, గుంత మగ్గం మనిషి కదా. మగవాళ్ళకు ఇదొక విచిత్రమైన పరువు. నడుము నొప్పి గురించి అరుగు మీద గంటసేపు చెప్పుకుంటారు. మోకాళ్ళ గురించి వచ్చేపోయే వాళ్ళందరికీ చెబుతారు. నడుముకూ మోకాళ్ళకూ మధ్య ఏం జరిగినా పళ్ళ బిగువున ఓర్చుకొని చచ్చేదాకా వస్తారు. ఆ వీధిలోనే ఒక పెద్దమనిషి అట్లా ఓర్చుకొని ఓర్చుకొని ఒక రాత్రి మూత్రం పూర్తిగా బిగుసుకుపోయి, ట్యూబు వేయించుకొని, సంచి చేతిలో పట్టుకొని ఆటోలో దిగాడు. లక్ష్మీదేవి ఆ పెద్దమనిషి పేరు ఒక్కసారి ఎత్తింది. మరుసటి రోజే అశ్వత్థనారాయణ హిందూపురం రైలెక్కాడు.

హిందూపురం డాక్టరు వయసులో చిన్నవాడు. స్కానింగు తీశాడు, క్యాన్సరు కాదని తేల్చడానికి రక్తపరీక్ష చేయించాడు. మూత్రపు సంచి కింద ఒక గ్రంథి మగవాళ్ళందరికీ ఉంటుందనీ, వయసు మీదపడే కొద్దీ అది ఉబ్బి మూత్రనాళాన్ని నొక్కుతుందనీ బొమ్మ గీసి చూపించాడు. రెండు రకాల మాత్రలు రాశాడు. ఒకటి దారిని కాస్త వదులు చేసేది, దాని గుణం వారంలో తెలుస్తుంది. రెండోది గ్రంథినే కుంచింపజేసేది, దానికి ఆరు నెలలు పడుతుంది.

"ఆరు నెలలు నమ్మకంగా మింగల్ల పెద్దాయనా. నెలకే గుణం లేదని పారేసేవాళ్ళు శానామంది ఉండారు."

ఆరు నెలలంటే అశ్వత్థనారాయణకు ఐదు వార్పులు. మగ్గానికి ఒకసారి పడుగెక్కిస్తే ఒక వార్పు. వార్పుకు మూడు చీరలు, చీరకు పన్నెండు రోజులు. అంత పెద్ద పడుగు చుట్టేటప్పుడు ఎవరూ మొదటి రోజే కొంగు కావాలని అడగరు. ఓపిక ఆయనకు కొత్తది కాదు. కాలెండరు వదిలేసి వార్పులు లెక్కపెట్టుకుంటూ మాత్రలు మింగాడు. మూడో వార్పు రెండో చీరలో, ఒక మధ్యాహ్నం, అరచేతి వెడల్పు కొంగు నేసేదాకా తాను లేవలేదని ఆయనకే ఆలస్యంగా తెలిసింది. పక్కన భాగ్యశ్రీ తలెత్తకుండానే అంది.

"రెండు ముప్పావు గంటల నుంచి లేయలేదు, మామా."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. చెంబెత్తి గటగటా నీళ్ళు తాగాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ గుణం చేసిన మందు మీద మనిషికి ఒక రకమైన గర్వం పుడుతుంది. తానే కనిపెట్టినట్లు మాట్లాడతాడు.

కొడుకు కృష్ణకాంత్‌కు ఇరవై తొమ్మిదేళ్ళు. ఊళ్ళోనే ఒక పట్టుచీరల అంగడిలో పని. పెళ్ళివాళ్ళు వస్తే చీర మడత విప్పి, కొంగు తన భుజం మీదే వేసుకొని అద్దం ముందు తిరిగి చూపించాలి. ముందూ వెనకా అద్దాలే. అట్లా తిరిగిన ప్రతిసారీ తన నడినెత్తి తనకే కనబడేది. పెళ్ళయిన రెండేళ్ళలో అక్కడ కోడిగుడ్డంత జాగా ఖాళీ అయింది. ఒకరోజు ఒక పెళ్ళికూతురి చెల్లెలు, "చీర కన్నా అన్న నెత్తే ఎక్కువ మెరుస్తాందే" అని కిసుక్కుమంది. ఆ వారమే అతను బెంగళూరు పోయి జుట్టు డాక్టరుకు చూపించుకొని, మాత్రల డబ్బా తెచ్చి బీరువాలో బట్టల కింద దాచాడు. దాచుకోవడం ఆ ఇంట్లో మగవాళ్ళకు వంశపారంపర్యం.

అశ్వత్థనారాయణ ఇంగ్లీషు చదువుకోలేదు. సంచుల మీద, జరీ అట్టల మీద పెద్దక్షరాలు కూడబలుక్కొని నేర్చుకున్నాడు. బీరువాలో తన పంచె వెతుక్కుంటూ కొడుకు డబ్బా చూసి, అలవాటుగా కూడబలికాడు. ఫి. నా. స్టె. రైడ్. ఎక్కడో చదివిన పేరే. తన రెండో మాత్ర తెచ్చి పక్కన పెట్టాడు. అదే పేరు, అక్షరం తేడా లేదు. అంకె మాత్రం వేరు. తనది ఐదు, కొడుకుది ఒకటి.

"ఏమప్పా కృష్ణా, నీ నెత్తికీ నా దానికీ ఒకటే మందంట గదా!"

కొడుకు ముఖం కందగడ్డయింది. తండ్రి అదేమీ పట్టించుకోలేదు.

"సిగ్గు పడేకి ఏముండాది? నీదాంట్లో ఒకటి, నాదాంట్లో ఐదు. రెండిటి రేటూ కొంచెం అటూ ఇటూగా అంతే. నాది ఒకటి అయిదు భాగాలు చేస్తే నీకు అయిదు రోజులు వస్తాది. ఆ బెంగుళూరోడు నిన్ను ముంచుతాండాడు."

మాత్రను అయిదుగా చేయడం ఎట్లా? బ్లేడుతో కోస్తే పెళుసుగా పగిలి ముక్కకొక సైజు వచ్చింది. అప్పుడు భాగ్యశ్రీ జరీ త్రాసు దించింది. పట్టూ జరీ తూకానికి తెచ్చుకొని తూకానికి అప్పజెప్పే ఇళ్ళలో గోడకు వేలాడే చిన్న త్రాసు అది. ఇంట్లో తేలిక చేయి ఆమెదే. మాత్రను చిన్న రాతి కల్వంలో మెత్తగా నూరి, అంత చిన్న పొడి తూకానికి ఆనదు కాబట్టి దాంట్లో చక్కెర పొడి వేసి వేళ్ళతో బాగా కలిపి, అయిదు సమభాగాలు తూచి, అయిదు కాగితం పొట్లాలు కట్టింది. వారానికి ఒకటి రెండుసార్లు, సాయంత్రం మగ్గం ఆపాక, అదొక పని. మామ పక్కన కూర్చొని ముచ్చటగా చూసేవాడు.

"మందుల అంగడోడు కూడా ఇంత బాగ చేయడు తల్లీ."

అట్ట వెనక చీమల బారులాంటి చిన్న అక్షరాలు నాలుగు వరుసలుండేవి. పేరు చదవడం వచ్చినవాడు అక్కడికే ఆగిపోయాడు.

నాలుగైదు నెలలకు కృష్ణకాంత్ నడినెత్తి మీద లేత వెంట్రుకలు కనిపించాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే భాగ్యశ్రీ మూడు నెలల కడుపుతో ఉన్న సంగతి బయటపెట్టింది. లక్ష్మీదేవి చౌడేశ్వరి గుడికి పోయి, మనవడు పుడితే ఇంట్లో నేసిన చీర పెడతానని మొక్కుకుని వచ్చింది. ఇంట్లో ఎవరి ముఖం చూసినా వెలుగే. ఆ వెలుగులోనే అశ్వత్థనారాయణ మళ్ళీ హిందూపురం డాక్టరు ముందు కూర్చున్నాడు.

డాక్టరు స్కానింగు చూసి, "బ్రహ్మాండంగా తగ్గింది" అన్నాడు. "ఇదే మాత్ర ఇంకా వాడల్ల. ముప్పై రాస్తాండా."

"ముప్పై ఆరు రాయండి సార్."

"ముప్పై ఆరు రోజుల నెల యాడుండాదప్పా?"

"ఆరు మా వానికి సార్. బట్టతలకు."

డాక్టరు నవ్వాడు. అశ్వత్థనారాయణకు హుషారు వచ్చింది. పేరు కూడబలికిన సంగతి, బ్లేడు సంగతి, జరీ త్రాసు, చక్కెర పొడి, పొట్లాలు, అంతా చెప్పాడు. డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి పడిపడి నవ్వాడు.

"చక్కెర పొడి ఉపాయం ఎవరిది?"

"నా కోడలిది సార్. ఆ పిల్ల చేయి చేయి కాదు. నాలుగో నెల నడుస్తాంది, అయినా కూర్చొని నూరి..."

డాక్టరు నవ్వు ఆగిపోయింది. చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టాడు.

"చేత్తోనే కలుపుతాందా? గ్లౌజులూ ఏమీ లేకుండా?"

"చేత్తోనే సార్. ఏంటికి?"

డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మెల్లగా చెప్పాడు. ఈ మందు ఒక మగ హార్మోనును ఆపుతుంది. అందుకే గ్రంథి తగ్గింది, అందుకే కొడుకు జుట్టు నిలిచింది. కానీ కడుపులో పెరిగేది మగబిడ్డయితే వాడి మగతనపు గుర్తులు తయారయ్యేది ఆ హార్మోనుతోనే, అదీ మూడు నాలుగు నెలల్లోనే. నూరిన పొడి తల్లి చర్మం గుండా లోపలికి పోతే, బిడ్డ ఒంటికి పోయే రంధ్రం ఉండాల్సిన కొనలో కాకుండా కింద ఎక్కడో ఏర్పడే ప్రమాదముంది. పూర్తి మాత్రకు పైన పూత ఉంటుంది కాబట్టి అంత భయం లేదు. నూరితే, విరిస్తే, ఉంది.

"అట్ల అయిపోయిందంటారా సార్?"

"అయిందని అనలేను. వేళ్ళకంటిన పొడితో అట్లయ్యేది చాలా అరుదు. అయినా లేదని రాసివ్వలేను. ఒకవేళ అయినా ఆపరేషనుతో సరిచేస్తారు. ఈరోజు నుంచి ఆ పిల్ల దీని జోలికి పోకూడదు. కాన్పు డాక్టరుకు ఈ సంగతి చెప్పల్ల."

"ఆడబిడ్డయితే?"

"ఆడబిడ్డయితే ఏ భయమూ లేదు."

"ఏ బిడ్డో స్కానింగులో చూసి..."

డాక్టరు గోడ మీది బోర్డు చూపించాడు. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరమని తెలుగులో, కన్నడంలో రాసి ఉంది.

తిరుగు రైల్లో పెనుకొండ కొండ కిటికీలోంచి కనిపించి దాటిపోయింది. ఆ కొండ కిందే భాగ్యశ్రీ పుట్టిల్లు. ఇంకో అయిదు నెలలకు ఆ పిల్ల కాన్పుకు రావాల్సింది అక్కడికే. నేను చదివి చెప్పాను, ఆమె తూచింది. ఆయన మనసులో ఈ ఒక్క మాటే రైలు చక్రంలా తిరిగింది. ఇంట్లో చెప్పకుండా, పొట్లాలు ఇక వద్దని మాత్రం అనేస్తే సరిపోతుంది కదా అని కూడా అనుకున్నాడు. కొళాయి తిప్పి నిలబడిన మనిషికి ఆ ఆలోచన రాకుండా ఉంటుందా? కానీ ఆయన గడపలో కాలు పెట్టేసరికి భాగ్యశ్రీ కల్వం ముందు కూర్చొని ఉంది. వేళ్ళ కొనలకు తెల్లటి పొడి.

"ముట్టుకోవద్దు!"

ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఆయన గొంతు అంత గట్టిగా వినిపించింది. చెంబెడు నీళ్ళు తెచ్చి తానే ఆమె చేతుల మీద పోశాడు, సబ్బు అందించాడు. కేక విని భార్యా కొడుకూ వచ్చారు. అక్కడే నేల మీద కూర్చొని ఒక్క మాట దాచకుండా అంతా చెప్పాడు.

కృష్ణకాంత్ రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు. "ఈ నాలుగు ఎంటికల కోసరమా? రేపే కదిరి గుడికి పోయి గుండు గీయించుకుంటా."

"నోరు మూయి" అంది లక్ష్మీదేవి. "కడుపుతో ఉండే పెండ్లాన్ని పెట్టుకొని ఎవురన్నా గుండు గీయించుకుంటారా? చేసింది చాల్లే."

భాగ్యశ్రీ ఇంకోసారి సబ్బుతో చేతులు కడుక్కుంది. లక్ష్మీదేవే త్రాసు తుడిచి మేకుకు తగిలించింది. కల్వం ఎత్తుకుపోయి పెంటదిబ్బ మీద పారేసింది.

మరుసటి రోజు లక్ష్మీదేవి గుడికి పోయింది. పక్కన భాగ్యశ్రీ నిలబడి వింటూ ఉండగానే అమ్మవారితో బేరం తిరగరాసుకుంది.

"తల్లీ, పోయిన నెల నేను చెప్పింది మర్చిపో. మనవడొద్దు. ఆడబిడ్డనియ్యి. చీర మాత్రం అదే చీర. అంచు ఇంకో నాలుగు వేళ్ళ వెడల్పు పెడతా."

గుడి మెట్లు దిగేటప్పుడు భాగ్యశ్రీ నెమ్మదిగా అడిగింది.

"ఆడబిడ్డ కావల్లని మొక్కుకునేకి ఈ ఇంటికి ఇంత భయం కావల్సొచ్చిందా అత్తా?"

లక్ష్మీదేవి కోడలి చేయి పట్టుకొని మెట్లు దించింది. ఆ వీధిలో ఆడపిల్ల కోసం మొక్కుకున్న ఇల్లు అప్పటికి అదొక్కటే. అదీ ప్రేమతో కాదు. అయినా మొక్కు మొక్కే కదా. ముత్తయిదువలు సీమంతానికి వచ్చి, "మగపిల్లోన్ని కనవే" అని దీవిస్తే లక్ష్మీదేవి గయ్యిమని లేచేది. "మీ నోట్లో మన్ను పడ. ఆడపిల్లని దీవించండి!" ఆమెకు మతి చలించిందని వాళ్ళు చెవులు కొరుక్కున్నారు.

అయిదో నెల స్కానింగులో గుండె, వెన్నెముక, కాళ్ళు చేతులు అంతా బాగుందని చెప్పారు. మిగతాది చెప్పరు. వాళ్ళు చెప్పకూడదు కూడా. ఇంకో నాలుగు నెలలు ఎదురుచూపే.

ఈ మధ్యలో అశ్వత్థనారాయణ తనకు తానే ఒక శిక్ష వేసుకున్నాడు. మాత్రలు మానేశాడు. రెండు రకాలూ. వారం తిరక్కుండానే గంటకు ఒకసారి లేచాడు. రెండో వారం గంటకు రెండుసార్లు. కొళాయి మళ్ళీ పారసాగింది. కడుపు పెరుగుతున్నా భాగ్యశ్రీ ఇంకా పూట పూటకు కాసేపు అంచు నాడెకు కూర్చునేది. వద్దంటే వినేది కాదు. ఆ సంఘటన తర్వాత ఆమె మామతో మగ్గం మీద అవసరమైన మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

ఒక పొద్దున ఆయన మూడోసారి లేవబోతుంటే ఆమె నాడె కింద పెట్టింది.

"ఎన్నాళ్ళయింది మానేసి?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏమి మానేసి?"

"మామా, నేను లెక్కపెట్టేదాన్నని మర్చిపోయినారా? నిన్న పదకొండు సార్లు."

ఆయన తల దించుకున్నాడు. "ఆ మాత్ర వల్లనే గదమ్మా ఇదంతా."

"మాత్ర వల్ల కాదు. నూరినందువల్ల. మాత్ర మీకు రాసింది, మీరు మింగల్ల. ట్యూబు ఏసుకొని సంచి పట్టుకొని మీరు కూర్చుంటే, బిడ్డను ఎత్తుకొనేదెవురు?" వంటింటి వైపు తిరిగి కేకేసింది. "అత్తా, ఆ అట్ట మీరే తెచ్చియ్యండి. నేను ముట్టుకోను."

లక్ష్మీదేవి తెచ్చి ఇచ్చింది. ఆయన పూర్తి మాత్ర, విరవకుండా, నూరకుండా, చెంబెడు నీళ్ళతో మింగాడు. నలభై రోజుల తర్వాత మామా కోడళ్ళు మగ్గం మీద చీర గురించి కాక ఇంకో విషయం మాట్లాడుకున్నది అదే. ఏదో పోగు మళ్ళీ ముడిపడినట్లు ఆయనకు అనిపించింది.

చైత్రం దాటాక పెనుకొండలో భాగ్యశ్రీకి నొప్పులొచ్చాయి. ఆస్పత్రి వరండాలో నలుగురు కూర్చున్నారు. అశ్వత్థనారాయణ, లక్ష్మీదేవి, కృష్ణకాంత్, భాగ్యశ్రీ తల్లి పుట్టమ్మ. పుట్టమ్మకు జరిగిందంతా తెలుసు. వియ్యంకుడి మీద ఆమెకు కోపం ఎంతుందో ఆమె ఒక్క మాటా మాట్లాడకపోవడమే చెప్పింది.

తెల్లవారి ఏడు దాటాక ఆయా దాసమ్మ తలుపు తోసుకొని వచ్చింది. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ ఉంది.

"మగబిడ్డ!"

నలుగురి ముఖాలూ మాడిపోయాయి. లక్ష్మీదేవి చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

దాసమ్మ బిత్తరపోయింది. "ఏమమ్మా, నేను సరిగ్గానే చెప్పినానా? మగబిడ్డంటిని. ముప్పై ఏండ్ల నుంచి ఈ తలుపు కాడ చెప్తాండా, మగబిడ్డంటే ఏడ్సేవాళ్ళను ఈరోజే చూస్తాండా!"

పుట్టమ్మ లేచి ముందుకొచ్చింది. "వానికి... అంతా సరిగ్గా ఉండాదా?"

"ఏమి అంతా?"

లోపలి నుంచి డాక్టరమ్మ వచ్చింది. ఆమెకు సంగతంతా ముందే తెలుసు. "చూసినాను. చూడ్డానికైతే బాగనే ఉన్నాడు. ధార చూస్తే గానీ పూర్తిగా చెప్పను. ఒంటికి పోనీండి" అని వెళ్ళిపోయింది.

అంటే మళ్ళీ ఎదురుచూపే. ఒక పసిగుడ్డు ఒంటికి పోవడం కోసం నలుగురు పెద్దవాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఎనిమిదయింది. తొమ్మిదయింది. కృష్ణకాంత్ వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడిచాడు. రాకపోవడమంటే ఏమిటో ఆ నలుగురిలో అశ్వత్థనారాయణకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పొద్దున్నుంచీ తానూ ఒంటికి పోలేదని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. అర్జెంటుగా లేదు. మాత్ర పనిచేస్తూనే ఉంది. కానీ లేవాలనిపించలేదు. ముందు వాడు, తర్వాత నేను.

పది కావస్తుండగా లోపలికి రమ్మన్నారు. భాగ్యశ్రీ మంచం మీద పడుకొని ఉంది. ముఖం పాలిపోయి ఉంది, కళ్ళు మాత్రం ఆయనను వెతుక్కున్నాయి.

"మామా, మీరే ఎత్తుకోండి. మీ చేతుల్లోనే తెలియల్ల."

ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చొని ఒడి చాపాడు. బరువైన జరీ కొంగులు మోసిన చేతులతో ఆ మూడు కిలోల బిడ్డను అందుకున్నాడు. పుట్టమ్మ గుడ్డ విప్పింది. బిడ్డ కళ్ళు మూసుకొని ముఖం చిట్లించుకొని, కాళ్ళు పొట్టకు లాక్కున్నాడు. అంతే. సన్నటి ధార, పట్టుపోగంత నిటారుగా, సరిగ్గా కొన నుంచి లేచి, వంకర లేకుండా వంగి, అశ్వత్థనారాయణ కళ్ళద్దాల మీద పడింది.

గదిలో ఎవరూ కదల్లేదు. ధార ఆగలేదు. కళ్ళద్దాల నుంచి మీసానికి, మీసం నుంచి ఖద్దరు చొక్కాకు దిగింది. ఆయన తల పక్కకు తిప్పలేదు, ముఖం తుడుచుకోలేదు. వరండాలో ఉన్న దాసమ్మ చప్పుడు విని తొంగి చూసేసరికి ఇంట్లో వాళ్ళంతా ఒకేసారి ఏడుస్తూ నవ్వుతూ ఉన్నారు. డాక్టరమ్మ వచ్చి చూసి, తల ఊపి, "ఇంక ఏమీ లేదు" అంది.

పుట్టమ్మ కొంగుతో వియ్యంకుడి కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ పెట్టింది. "నీకు రాని దాన్ని ఎట్ల నేర్పించినాడో చూడన్నా, మనవడు" అంది. అయిదు నెలల్లో ఆమె ఆయనతో అన్న మొదటి మాట అది.

కృష్ణకాంత్ నెత్తి నిమురుకున్నాడు. జుట్టు మందు మానేశాక లేత వెంట్రుకలు మళ్ళీ పలచబడ్డాయి. "ఇంక కదిరికి పోవచ్చునా అమ్మా?"

లక్ష్మీదేవి వినలేదు. ఆమెకు వేరే దిగులు పట్టుకుంది. "ఏమయ్యా, నేను అమ్మవారిని మనవడినడిగి, వద్దని చెప్పి, మనవరాలినడిగితిని. ఇప్పుడు తీరింది ఏ మొక్కు? చీర పెట్టల్లా వద్దా?"

"పెట్టల్ల" అంది మంచం మీది నుంచి భాగ్యశ్రీ. "నాలుగు వేళ్ళు ఎక్కువ అంచు పెట్టే పెట్టల్ల. నేను లేచినాక నేనూ మామా నేస్తాం. కొంగు నేసేటప్పుడు ఇంకో మొక్కు మొక్కుకుంటా. మళ్ళీ కాన్పుకు ఆడబిడ్డ కావల్లని. ఈసారి భయంతో కాదు."

అశ్వత్థనారాయణ తల ఊపాడు. బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టి, తడి చొక్కాతోనే లేచాడు. ఆస్పత్రి వెనక మరుగుదొడ్డి తలుపు వేసుకున్నాడు. అక్కడ కొళాయి ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.